ముఖము దాచుకొనే పిల్లలు – సెలవుల ఫోటోలు



వేసవి సెలవులు దగ్గరకు వచ్చాయి. పరీక్షలు అయిపోగానే మన ఊళ్ళనుండి ఎన్నో కుటుంబములు హైదరాబాదు బయలుదేరతాయి. చుట్టాల ఇంట్లో రెండు రోజులు ఉండి, ఒక రోజు రామోజీ ఫిల్మ్ సిటీ, చేతిలో డబ్బు మిగిలితే ఇంకొక రోజు 2016లో తెరిచిన వండర్‌లా చూసి వస్తారు. విజయవాడ మీదుగా బస్సులో వెళ్ళే వారికి ఫిల్మ్ సిటీ దారిలోనే, నగరము రాకముందే తగులుతుంది. 1996లో మొదలైన ఆ స్థలము 1,666 ఎకరముల విస్తీర్ణము గలది. ప్రపంచములోనే పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ పుస్తకములో కూడా ఎక్కినది. విశ్వాసులు అక్కడికి వెళ్ళవచ్చునా అని అడిగే పెద్దలు ఉన్నారు. ఆ సంగతి నేను ఇక్కడ తేల్చబోవడము లేదు. మా సంఘములో ఆ మాట అందరికంటే గట్టిగా అడిగిన పెద్దాయన పోయిన వేసవిలో మనుమలతో వెళ్ళి, పక్షుల పార్కు దగ్గర నుండి కదలనన్నారట!

నేను వ్రాయాలనుకొన్నది వేరొక విషయము. ఇంటింటి దర్శనమునకు వెళ్ళినప్పుడు, ప్రార్థన అయిన తరువాత, "అయ్యగారూ, మేము హైదరాబాదు వెళ్ళొచ్చామండి, చూడండి" అని ఫోను చేతికిస్తారు. చూస్తాను. ఎనభై ఫోటోలుంటే ఎనభైలోనూ తండ్రి నిటారుగా నిలబడి ఉంటాడు. పెద్దపిల్ల నవ్వుతూ ఉంటుంది. చిన్నవాడు మాత్రము ఒకదానిలో తల్లి కొంగు వెనుక ఉంటాడు, ఒకదానిలో చేయి అడ్డము పెట్టుకొంటాడు, ఇంకొకదానిలో పళ్ళన్నీ బయటపెట్టి ఏడుపో నవ్వో తెలియని ముఖముతో ఉంటాడు. తల్లి అసలు ఎక్కడా కనబడదు, సంచులు పట్టుకొని పక్కన నిలబడినది గనుక. "వీడికి ఫోటో అంటే పడదండి. ఎంత తిట్టినా అంతే" అంటాడు తండ్రి.

ఆ "ఎంత తిట్టినా" అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. కూలి చేసుకొనే కుటుంబమునకు నలుగురి టికెట్లు, ప్రయాణము, తిండి కలిపితే అది చిన్న మొత్తము కాదు. ఏడాదంతా కూడబెట్టి తీసుకొని వెళ్ళిన ఆ ఒక్క రోజు పిల్లవానికి దేనిగా గుర్తుండిపోతుంది? ఎర్ర బస్సు, సీతాకోకచిలుకల తోట గుర్తుంటాయా, లేక నలుగురిలో "ఒరేయ్, ఇటు చూడరా, సరిగ్గా నిలబడరా" అని తిన్న మొట్టికాయ గుర్తుంటుందా?

ఫోటోలు అక్కరలేదని నేను అనను. పూర్వము కొందరు పెద్దలు నిర్గమకాండములోని ఆజ్ఞ చూపించి ఇంటి గోడకు ఫోటో తగిలించుకొనే వారు కాదు. వారి భక్తిని నేను గౌరవిస్తాను గాని, ఆ ఆజ్ఞ పూజించుటకు చేసుకొనే రూపములను గురించినది, అమ్మమ్మ ఫోటోను గురించినది కాదు. కాపరిగా నేను తరచుగా చూసే ఒక సంగతి చెబుతాను. ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, ఆదరణ కూడికకు ఫ్లెక్సీ వేయించాలని ఫోటో వెదుకుతారు. పెట్టెలు, ఫోనులు అన్నీ వెదికి చివరకు ఆధార్ కార్డు తెస్తారు. నలభై ఏళ్ళు నవ్వుతూ నవ్విస్తూ బ్రతికిన తల్లి, బిగుసుకుపోయిన ఆ చిన్న బొమ్మలోనే మిగులుతుంది. దానిని పెద్దది చేస్తే మసకబారిపోతుంది. కూతుళ్ళు దానిని చూసి "మా అమ్మ ఇలా ఉండదండీ" అని ఏడుస్తారు. ఇది నేను ఒక ఇంట్లో విన్న మాట కాదు. గనుక కుటుంబముగా బయటకు వెళ్ళిన రోజున, మనుషులు ఉన్నవారు ఉన్నట్లుగా పడిన నాలుగు ఫోటోలు ఉండడము మంచిదే. అయితే అవి తిట్లతో రావు.

పిల్లవాడు ముఖము ఎందుకు దాచుకొంటాడు? కొందరు పుట్టుకతోనే సిగ్గరులు. అది అవిధేయత కాదు, దానికి శిక్ష అక్కరలేదు. కొందరిని మనమే అలా చేసినాము. "నల్లపిల్ల, వెలుతురులోకి రావే", "ఆ ఎత్తుపళ్ళు మూసుకోరా", "మీ అక్క చూడు ఎంత బాగా నిలబడిందో" – ఇలాంటి మాటలు నవ్వుతూనే అంటాము. అనేవారు బాబాయిలు, అత్తలు, ఒక్కొక్కసారి సండేస్కూలు టీచర్లు కూడా. పిల్లకు మాత్రము, కెమెరా అంటే తనలో ఏమి తక్కువో నలుగురికి చూపించే వస్తువు అని అర్థమైపోతుంది. మెల్లకన్ను ఉన్నవారు, గ్రహణమొర్రి ఆపరేషను అయినవారు, కాలు ఈడ్చి నడిచేవారు అయితే మరీ.

ఈ మధ్య వచ్చిన ఫోనులు ఇంకొక పని చేస్తున్నాయి. ముఖమును అందముగా చేస్తామని, అడగకుండానే రంగు తెలుపు చేసి బుగ్గలు నున్నగా చేస్తాయి. కెమెరా తెరిచి అందులో "బ్యూటీ" అని ఉన్నది పూర్తిగా ఆపివేయండి. నల్లని పిల్ల తన ఫోటోలో తెల్లని పిల్లను చూసి నేర్చుకొనేది ఒక్కటే: అమ్మానాన్నలకు నేనున్నట్లు ఉంటే నచ్చదు అని. 139వ కీర్తన పిల్లలకు కంఠత చెప్పించి, ఫోనులో రంగు మార్చడము రెండూ పొసగవు.

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలు తండ్రులతో, పిల్లలు దిగులుపడిపోయేంతగా వారిని రేపవద్దని చెబుతున్నాడు. పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలనే వచనము మనకు బాగా గుర్తుంటుంది. దాని పక్కనే ఉన్న ఈ మాట అంతగా గుర్తుండదు. మార్కు సువార్త 10వ అధ్యాయములో యేసుప్రభువు పిల్లలను ఎత్తి కౌగిలించుకొన్నారు. ఆ పిల్లలు ఏమీ చేసి చూపించినట్లు అక్కడ వ్రాయబడలేదు. అదే సువార్త 5వ అధ్యాయములో యాయీరు కుమార్తె సంగతి చూడండి. పన్నెండేళ్ళ పిల్ల. ప్రభువు ముందుగా చేసినది ఏమంటే, ఆ గుంపునంతటిని బయటకు పంపివేశారు. తల్లిదండ్రులను, తనతో ఉన్న ముగ్గురు శిష్యులను మాత్రమే లోపలికి తీసుకొని వెళ్ళారు. ఆ పిల్ల లేచిన తరువాత, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నారు. ఫోటోల కొరకు వ్రాయబడిన అధ్యాయము కాదని నాకు తెలుసు. అయినా పిల్లల దగ్గర ఎలా మెలగాలో అందులో ఎంతో ఉన్నది. గుంపును తగ్గించండి, ముందు తిండి పెట్టండి.

సిగ్గుపడే మనిషికి ఫోటో ఎలా తీయాలన్నది కొత్త ప్రశ్న కూడా కాదు. ఆరవ నిజాము కాలములో హైదరాబాదులో ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్, 1892లో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో పెట్టి, దానిని ఒక తెల్లదొరసానికి అప్పగించారు. ఆ స్త్రీలను మార్చాలని ఆయన చూడలేదు, చోటును మార్చారు. మనము తిరగవేసి చేస్తున్నాము. వందలమంది తిరిగే చోట, వెనుక వరుసలో నిలబడినవారు తొందరపెడుతుండగా, ఐదేళ్ళవానిని నిలబెట్టి నవ్వమంటున్నాము!

ఇంకొకటి. మా తరము చిన్నతనములో రీలు వేస్తే 36 ఫోటోలే వచ్చేవి. ఒక్కటి చెడినా డబ్బు దండుగ. అందుకని అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళము. ఇప్పుడు ఫోనులో ఎన్ని తీసినా ఖర్చు లేదు. కాని "కదలకండి" అనే అలవాటు మాత్రము పోలేదు. కదలనివ్వండి. కదిలేదే పిల్లవాడు.

ఇక వెళ్ళే రోజు చేయవలసినవి.

ఉదయము గేటు దగ్గర ఒక్క ఫోటో తప్పనిసరిగా తీయండి, తల నుండి చెప్పుల వరకు, ఆ రోజు వేసుకొన్న బట్టలు కనబడేటట్లు. "నవ్వనక్కరలేదు నాన్నా, నువ్వు తప్పిపోతే చూపించడానికి" అని చెప్పండి. లూకా 2వ అధ్యాయములో యోసేపు మరియలు, పిల్లవాడు గుంపులో ఎక్కడో ఉన్నాడనుకొని ఒక రోజంత దూరము నడిచిపోయారు గదా. ఫిల్మ్ సిటీలో ఒక చోట నుండి ఇంకొక చోటికి బస్సులు మారవలసి ఉంటుంది, సెలవుల్లో జనము ఎక్కువ. ఫోను నంబరు వ్రాసిన కాగితము జేబులో కూడా పెట్టండి. ఈ ఫోటోతో ఇంకొక మేలున్నది. మొదటి ఫోటోకు నవ్వు అడగలేదు గనుక, పిల్లవాని భయము సగము అక్కడే పోతుంది.

తరువాత ఒక గంట ఫోను జేబులో ఉంచండి. ఇది చెప్పినంత సులువు కాదు.

ఆ తరువాత ఫోనును పిల్లవాని చేతికే ఇవ్వండి. "అమ్మను, నన్ను తియ్యరా" అనండి. ముఖము దాచుకొనే పిల్లలు చాలామంది కెమెరా వెనుక నిలబడడానికి మాత్రము ఎంతో ఇష్టపడతారు. మీ తలలు తెగిపోయిన ఫోటోలు కొన్ని వస్తాయి, రానివ్వండి. అన్ని ఫోటోలలోనూ లేని ఆ తల్లి ఇలాగైనా ఒకదానిలో కనబడుతుంది. వాడు తీసినది చూసి మెచ్చుకోండి. అప్పుడు "ఇప్పుడు నీ వంతా?" అని ఒక్కసారి అడగండి. వద్దంటే సరే అనండి. ఆ సరే అనడము నిజముగా ఉండాలి, మొహము మాడ్చుకొని కాదు.

"నవ్వు" అనే మాట ఆ రోజుకు మానివేయండి. దానికి బదులు ఏదైనా అడగండి. "ఆ బస్సుకి ఎన్ని చక్రాలురా?" "ఈ పిట్ట మన పెరట్లోకి వస్తే కోళ్ళు ఏం చేస్తాయే?" పిల్ల ఆలోచిస్తున్నప్పటి ముఖము, జవాబు చెప్పేటప్పటి ముఖము – అదే మీకు కావలసినది. పాలపళ్ళు ఊడిన పిల్లల దగ్గర పళ్ళ ఊసు ఎత్తవద్దు.

పని ఉన్నచోట పిల్లలు కెమెరాను మరచిపోతారు. లోపల తిప్పే ఎర్ర బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, బయటకు చూసేటప్పుడు పక్కనుండి తీయండి. అక్కడ సినిమాల కొరకు కట్టిన రైల్వే స్టేషను ఒకటి ఉన్నది. తండ్రీ కొడుకులను ముందు నడవనిచ్చి వెనుకనుండి ఒకటి తీయండి. చేయి చేయి పట్టుకొన్న వీపులు కూడా ఫోటోయే. గుండ్రముగా తిరిగే గుర్రముల వంటి ఆటలలో మీరు కంచె బయట ఒకే చోట నిలబడండి. పిల్ల ప్రతి చుట్టుకు అదే చోటికి వస్తుంది గదా. మొదటి రెండు చుట్లు చేయి ఊపండి, మూడవ చుట్టుకు తీయండి. ఫోను పట్టుకొని ఆట ఎక్కవద్దు. చేయి జారితే కింద ఉన్నవారి తల మీద పడుతుంది. లోపల జరిగే ప్రదర్శనలలో చూసేవారిలోనుండి కొందరిని వేదిక మీదకు పిలిచి ఏదో చేయిస్తారు. సిగ్గుపడే పిల్లను ముందుకు నెట్టకండి.

కెమెరా సంగతులు నాకు తెలిసినంతవరకు చెబుతాను. మా సంఘములో స్టూడియో నడిపే సహోదరుడు చెప్పినవే ఎక్కువ. చొక్కా జేబులో చెమటకు, కొబ్బరినూనె చేతులకు ఫోను అద్దము జిడ్డుపట్టి ఉంటుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే సగము ఫోటోలు బాగుపడతాయి. పిల్లవాని ఎత్తుకు మీరు కూర్చోండి. పై నుండి తీస్తే తల పెద్దదిగా, కాళ్ళు పొట్టిగా వస్తాయి. పైగా పెద్దవాళ్ళు మీదకు వంగితే పిల్లలు బెదురుతారు. ముఖము దగ్గరకు ఫోను పెట్టకండి, ముక్కు లావుగా కనబడుతుంది. ఐదారు అడుగుల దూరములో నిలబడండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తే కళ్ళ కింద నల్లని నీడ పడుతుంది, పిల్లలు కళ్ళు చిట్లిస్తారు. ఆ వేళ చెట్టు నీడకో, వరండా అంచుకో రండి. లేదా ఎండను వారి వీపుకు పెట్టి, ఫోను తెర మీద పిల్ల ముఖము ఉన్నచోట వేలితో తాకితే ముఖము వెలుతురుగా వస్తుంది. అన్నిటికంటే మంచి వెలుతురు, తెరిచిన మొదటి గంటలోనూ సాయంత్రము ఇంటికి బయలుదేరే ముందునూ ఉంటుంది. క్లిక్ అనే శబ్దము ఆపివేయండి. పిల్లలకు ఫ్లాష్ వద్దు.

మన గోదావరి జిల్లాలనుండి, కడపనుండి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైటు వెళ్ళినారు. కరీంనగరు, నిజామాబాదు వైపునుండి తండ్రులు దుబాయి, సౌదీ వెళ్ళినారు. వారి ఇళ్ళలో ఫోటో సంగతి ఇంకా కష్టము. అటువంటి సహోదరి ఒకామె మూడేళ్ళ తరువాత రెండు నెలల సెలవుకు వచ్చినది. వెళ్ళేటప్పుడు నాలుగేళ్ళున్న కూతురికి ఇప్పుడు ఏడు. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల, తల్లిని వీడియోలో చూసినదే గాని, దగ్గరకు రానన్నది. ఫిల్మ్ సిటీకి తీసుకొని వెళ్ళాలనుకొన్నారు. ప్రయాణమునకు ముందు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చి, "అయ్యగారూ, పాప నా పక్కన నిలబడిన ఫోటో ఒక్కటి చాలండి, అక్కడ చూసుకొంటాను" అని అడిగినది. నేను, మధ్యాహ్నము వరకు ఫోటో మాటే ఎత్తవద్దని, పాప అమ్మమ్మ పక్కన కూర్చుంటానంటే కూర్చోనివ్వమని చెప్పాను. అలాగే చేసినదట. మధ్యాహ్నము దాటిన తరువాత పాప చెప్పు తెగినది. తల్లి అక్కడే నేల మీద కూర్చొని, తన గాజులకున్న పిన్నీసు తీసి, చెప్పు వారుకు గుచ్చుతున్నది. ఒంటికాలి మీద నిలబడిన పాప పడిపోకుండా తల్లి తల మీద చేయి వేసినది. మేనమామ అప్పుడు తీశాడు. ఇద్దరి చూపూ చెప్పు మీదనే. ఆదివారము ఆరాధన తరువాత నాకు చూపించారు. పాప ముఖము సగమే కనబడుతున్నది. ఆమె ఆ ఫోటోనే తీసుకొని కువైటు వెళ్ళినది. పాప ఇంకా అమ్మమ్మ పక్కలోనే పడుకొంటున్నది. రెండు నెలలలో అన్నీ తీరవు.

వాట్సాప్ స్టేటస్ గురించి కొంచెము. నీళ్ళ ఆటల దగ్గర తడిబట్టలతో ఉన్న పిల్లల ఫోటోలు, ముఖ్యముగా ఆడపిల్లలవి, స్టేటసులో పెట్టకండి. మీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ మీ బంధువులవి కావు. ఒకసారి పెట్టినది ఎవరెవరి చేతులకు వెళ్ళుతుందో మీరు తిరిగి తెచ్చుకోలేరు. సండేస్కూలు ఫోటోలు సంఘ గ్రూపులో పెట్టే యౌవనస్థులకు కూడా ఇదే మనవి. కొంచెము పెద్దపిల్లలైతే "ఇది పెట్టనా?" అని వారినే అడగండి. పదేళ్ళ పిల్లను అడగడము ఏమిటని కొందరు తండ్రులు నవ్వుతారు. అడిగి చూడండి. తన మాట చెల్లుతుందని తెలిసిన పిల్ల తరువాత ఫోటోకు భయపడదు. ఏడుస్తున్నప్పుడు, అలిగినప్పుడు తీసి నలుగురికి చూపించి నవ్వడము మాత్రము ఎవ్వరూ చేయవద్దు.

తిరిగి వచ్చిన తరువాత, ఎనభైలో పది ఏరండి. మసకగా ఉన్నా మనిషి మనిషిగా పడినది ఉంచండి. నిటారుగా నిలబడినవి ఒకటి రెండు చాలు. ఆ పదీ స్టూడియోలో కాగితము మీద వేయించండి. ఫోను నీళ్ళలో పడినా, పాడైనా అందులోనివి పోతాయి. ఒక్క ఫోనులోనే ఉంచి పోగొట్టుకొన్న ఇళ్ళు మన మధ్య చాలా ఉన్నాయి. ప్రతి ఫోటో వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, తేది, సంవత్సరము వ్రాయండి. గట్టిగా అదిమి వ్రాస్తే ముందు వైపు గీత కనబడుతుంది, మెల్లగా వ్రాయండి. తేమ తగలని డబ్బాలో పెట్టండి. పిల్లవాడు తీసిన, మీ తలలు తెగిపోయిన ఫోటో కూడా ఒకటి వేయించి వానికివ్వండి, వాడు ఎక్కడ పెట్టుకొంటాడో పెట్టుకోనివ్వండి.

వచ్చే నెల, పదవ తరగతి ఫలితములు వచ్చే రోజున ఇళ్ళలో జరిగే మాటలను గురించి వ్రాస్తాను. మీ ఇంట్లో జరిగిన సంగతులేమైనా ఉంటే పత్రిక చిరునామాకు ఉత్తరము వ్రాయండి. పేర్లు వేయము.